విపశ్యనా, ఎనిమిది వారాల కోర్సా, నామజపమా: మాజీ సైనికుడికి ఏది మేలు?

మిలిటరీ క్యాంటీన్ లైన్లో ఈ మధ్య నన్ను చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ధ్యానం చేస్తున్నావంట కదా. పది రోజుల శిబిరానికి పొమ్మంటావా, ఇంట్లోనే ఏదన్నా చేసుకోమంటావా?" ఐదేళ్ల కిందట వీళ్లే ఆ మాటెత్తితే "మనకేం పిచ్చా?" అనేవాళ్లు. రాత్రిళ్లు నిద్ర లేకపోయినా, దీపావళి టపాకాయలకు ఒళ్లు వణికినా, ఇంట్లో ప్రతిదానికీ అరుస్తున్నా బయటికి చెప్పుకోని మనుషులు. అడిగేదాకా వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే నేను చేసి చూసినవి, చదివి తెలుసుకున్నవి పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

ముందు ఒక విషయం. మన ట్రైనింగ్ అంతా చూపు బయట ఉంచడానికే. సెంట్రీ డ్యూటీలో ఆకు కదిలినా తెలియాలి. రిటైరై ఆరేళ్లయినా నేను హోటల్‌కి వెళ్తే వీపు గోడకి ఆనించి, తలుపు కనిపించేలా కూర్చుంటాను. ఇలాంటివాడిని తెలియని మనుషుల మధ్య కళ్లు మూసుకోమంటే ఒళ్లు ఒప్పుకోదు. కాబట్టి ఏ పద్ధతినైనా నేను ఒక్క దాంతోనే కొలుస్తాను. పాత జ్ఞాపకం మీద పడ్డప్పుడు కళ్లు తెరిచి, లేచి నాలుగడుగులు వేసి, ఆ పూటకి ఆపేసే వీలుందా?

పది రోజుల శిబిరం అంటే మనవాళ్లకి ముందు విపశ్యన ధ్యానమే గుర్తొస్తుంది. హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త కేంద్రం ఉంది కదా. తెల్లవారి 4కి గంట, రాత్రి 9 దాకా కార్యక్రమం, రోజుకి సుమారు 10 గంటల ధ్యానం, ఫోన్ ఇచ్చేయాలి, మౌనం పాటించాలి. ఫీజు లేదు, చివర్లో తోచినంత దానం. ఆ క్రమశిక్షణ చూస్తే ఫౌజీకి ప్రాణం లేచొస్తుంది. నేను వేరే ఊళ్లో శిబిరానికి వెళ్లాను. మొదటి మూడు రోజులు శ్వాస గమనించడం, హాయిగానే గడిచింది. నాలుగో రోజు నుంచి ఒంట్లోని స్పందనలు గమనించాలి, గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఆ రాత్రి పాత పోస్టు, అక్కడి మంచు, తిరిగి రాని దోస్తు ముఖం ఒక్కసారిగా ముందుకొచ్చాయి. గురువుగారితో మాట్లాడొచ్చు, కాదనను. కానీ రాత్రి రెండింటికి పక్క మంచం మీది మనిషితో కూడా పలకకూడని చోట నేను తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. పది రోజులూ పూర్తి చేశాను, మేలు కూడా జరిగింది. అయినా మొదటి మెట్టుగా దాన్ని ఏ ఫౌజీకీ చెప్పను.

ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాని మీద మనసు పెట్టడం) కోర్సుని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టారు. వారానికి రెండున్నర గంటల క్లాసు, మిగతా రోజుల్లో ఇంట్లో సాధన. మన దేశంలో ఎక్కువగా ఇంగ్లీషులో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఫీజు ఉంటుంది. అమెరికాలోనే మినియాపోలిస్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో దీన్ని పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మనసుని వదలని జబ్బు) ఉన్న 116 మంది మీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఈ కోర్సు, సగం మందికి మామూలు గ్రూప్ కౌన్సెలింగ్. అయిపోయిన రెండు నెలలకు కోర్సు చేసినవాళ్లలో దాదాపు 49 శాతం మంది తమ బాధ బాగా తగ్గిందని చెప్పారు, రెండో గుంపులో 28 శాతం. జబ్బే లేదని తేలినవాళ్ల లెక్కలో మాత్రం పెద్ద తేడా రాలేదు. కోర్సు తీసుకున్న 58 మందిలో 13 మంది మధ్యలో మానేశారు కూడా. అంటే అందరికీ పడదు. కానీ మానేసినవాడు ఆ సాయంత్రం తన ఇంట్లో, తనవాళ్ల మధ్య ఉంటాడు. నాకు అది చాలా పెద్ద విషయం. ఇందులో నెమ్మదిగా నడుస్తూ అడుగుల మీద మనసు పెట్టే సాధన ఉంది. ఏళ్ల తరబడి కదం తొక్కిన కాళ్లకి అది కొత్తగా అనిపించదు. నాకు నిలబడింది ఇదే.

నామజపం అంటే "అది భక్తి కదా" అంటారు. అమెరికాలో శాన్ డియెగో వైపు మాజీ సైనికులకి దీన్నే నేర్పారు. తమ మతంలోంచి తమకు నచ్చిన చిన్న మాట ఎంచుకుని, రోజులో ఎప్పుడైనా లోలోపల అనుకోవడమే. కూర్చోనక్కర్లేదు, కళ్లు మూయనక్కర్లేదు. 173 మందితో చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో నిద్రలేమి కూడా తగ్గిందని తేలింది. రామ అనుకున్నా, అల్లా అనుకున్నా, యేసయ్యా అనుకున్నా పైసా ఖర్చు లేదు. ఇంగ్లీషు రానివాళ్లు, కోర్సుకి డబ్బు కట్టలేనివాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

యోగనిద్ర మంచిదే, కానీ పడుకుని కళ్లు మూసుకోవాలి కాబట్టి పైన చెప్పిన ఇబ్బంది కొందరికి తప్పదు. ఫోన్ యాప్‌లు గుర్తు చేయడానికి పనికొస్తాయి, అంతే.

మందులు వాడుతున్నవాళ్లు వీటిలో ఏది మొదలుపెట్టినా మందులు ఆపొద్దు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. రాత్రి మరీ భరించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఉదయం ఐదున్నరకి నేను మా ఊరి చెరువు గట్టు మీద నడుస్తుంటాను. క్యాంటీన్లో అడిగిన ఇద్దరు పోయిన వారం నుంచి నాతో వస్తున్నారు. కళ్లు తెరుచుకునే నడుస్తున్నాం.