ఈరోజే మానేయాలా, నెలాగి మానేయాలా?

గుర్రాలకు ట్రైనింగ్ ఇచ్చే చోట యజమాని రోజూ అందరి ముందూ తిడుతుంటే రెండు దారులు కనిపిస్తాయి. అప్పటికప్పుడు మానేయడం ఒకటి, నోటీసు ఇచ్చి ఈలోగా ఇంకో పని చూసుకోవడం రెండోది.

రెండోదానికి లాభాలు తెలిసినవే. జీతం ఆగదు, చేసిన పనికి సర్టిఫికెట్ అడగొచ్చు. నాకు అంతకంటే ముఖ్యం గుర్రాలు. ఏది ఎడమవైపు తిరగడానికి మొండికేస్తుందో, దేనికి జీను పట్టీ మెల్లగా బిగించాలో కొత్తవాళ్లకు చెప్పి వెళ్లొచ్చు. నేను ఆ దారే పట్టాను.

కానీ ఆ నెల ఎలా గడిచిందో కూడా చెప్పాలి. ఆఫీసులో టెన్షన్ పడితే మహా అయితే ఒక లెక్క తప్పుతుంది. ఇక్కడ మనం కూర్చునేది దాదాపు 500 కిలోల ప్రాణి మీద. మన కాళ్లు బిగుసుకున్నా, పగ్గాలు గట్టిగా లాగినా దానికి వెంటనే తెలిసిపోతుంది. ఒక ఉదయం యజమాని గేటు దగ్గర నుంచి అరవగానే నా గుర్రం చెవులు వెనక్కి వాల్చి, తల పైకెత్తి పక్కకు గెంతింది. నా కుడికాలు రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే పాదం పెట్టే కడియంలోంచి, జారిపోయింది. పడలేదు గానీ ఆ రోజంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అందుకే, వేధింపు మాటల దగ్గరే ఆగితే నోటీసు ఇచ్చి వెళ్లండి, అదీ రాత్రి నిద్ర పడుతుంటేనే. చెయ్యెత్తినా, హెల్మెట్ లేకుండా ఎక్కమన్నా, కుంటుతున్న గుర్రాన్ని పరిగెత్తించమన్నా ఆ పూటే పని మానేయండి. రావాల్సిన జీతం, పని చేసిన రోజులు రాసి పెట్టుకోండి. డబ్బులు తర్వాతైనా అడగొచ్చు.