పది పాసయ్యాక ఇంటరా, పాలిటెక్నిక్కా, ఐటీఐయా?

మా అక్క కొడుకు ఈ ఏడు పదో తరగతి పాసయ్యాడు. 600కి 431 వచ్చాయి. ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి వాళ్లింట్లో ఒకటే చర్చ. విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో వేయాలని అక్క పట్టు. బావగారేమో పాలిటెక్నిక్ అంటున్నారు. వాడు మాత్రం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానంటున్నాడు. మొన్న ఆదివారం అమలాపురం నుంచి అక్క ఫోన్ చేసి, "నువ్వు చెప్పరా, నీ మాటయితే ఇద్దరూ వింటారు" అంది. ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ మూడు దారులూ నడిచినవాళ్లు మా ఇంట్లో, నా క్లాసులో ఉన్నారు. ఏ దారీ పట్టకుండా నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ముప్పై అయిదేళ్లు దాటింది కాబట్టి ఏ సర్టిఫికెట్టు ఎవరికి ఎక్కడ అక్కరకొచ్చిందో ఇప్పుడు చెప్పగలను.

నేను 1989లో పది రాశాను. అప్పుడు పదకొండు పేపర్లు, హిందీ తప్ప అన్నీ రెండేసి. 388 వచ్చాయి. 360 దాటితే ఫస్ట్ క్లాసు కదా, మా అమ్మ కొబ్బరి లౌజు చేసి వీధంతా పంచింది. ఆ 388ని పాలిటెక్నిక్ అప్లికేషన్‌లో ఒకసారి రాశాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. కానీ అదే కాగితం మీదున్న మరో రెండు సంగతులు మాత్రం ఈ రోజుకీ అడుగుతున్నారు: పాసయ్యావా లేదా, పుట్టిన తేదీ ఎంత.

పుట్టిన తేదీ అంటే సర్కారు బడిలో టీచరుగా చేసిన మా బాబాయి గుర్తొస్తాడు. ఆయన పుట్టింది 1963లో. అయిదేళ్లు నిండితేగానీ బడిలో చేర్చుకోరని తాతయ్య రెండేళ్లు కలిపి చెబితే, మాస్టారు 1961 జూన్ అని రాసేశారు. అదే పదో తరగతి సర్టిఫికెట్టులోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కింది. ఉద్యోగంలో చేరాక పుట్టిన తేదీ మార్చడానికి వీల్లేదని 1984 నాటి రూల్స్ ఉన్నాయి. 2021 జూన్‌లో 60 నిండాయని రిటైర్ చేశారు. 2022 జనవరి నుంచి రిటైర్మెంట్ వయసు 62 అయింది. అసలు తేదీయే రాసి ఉంటే ఆయన 2025 దాకా బడిలో ఉండేవాడు. నాలుగేళ్ల జీతం, దానికి తగ్గ పెన్షన్ పోయాయి. ఆయనకి డబ్బు కంటే, పాఠం చెప్పే ఓపిక ఉండగానే ఇంట్లో కూర్చోవలసి వచ్చిందన్న బాధే ఎక్కువ.

ఇక పాస్ సంగతి. మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, నాతోపాటే రాసి లెక్కల్లో పోయింది. ఆడపిల్లకి మళ్లీ ఫీజు ఎందుకన్నారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆయన మంచం పట్టాడు. మన కోనసీమలో ఎంతో మంది ఆడవాళ్లు వెళ్లినట్టే తనూ ముప్పై ఏళ్ల వయసులో కువైట్‌కి ఇంటి పనికి వెళ్లింది. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అది ఉంటే కువైట్, ఖతర్, సౌదీ, యూఏఈ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ముందు సర్కారు అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, తెచ్చుకోవాలి. ఆ నిబంధన పెట్టింది చదువు తక్కువైనవాళ్లు మోసపోకుండా చూడటానికే, అది మంచి ఉద్దేశమే. కానీ ఫారం కూడా చదవలేని మనిషికి అదే ఏజెంటు చేతిలో అస్త్రమైంది. క్లియరెన్స్ ఖర్చని, ఆఫీసు ఖర్చని ఎంత పిండాడో తను ఇప్పటికీ లెక్క చెబుతుంది. ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చి, పిల్లలతోపాటు కూర్చుని ఓపెన్ స్కూల్లో పది రాసి పాసయింది. పాస్‌పోర్టు మార్పించుకుని రెండోసారి వెళ్లినప్పుడు ఆ క్లియరెన్స్ అవసరం లేకపోయింది. ఏ కాగితం మీద సంతకం పెడుతోందో తనే చదువుకుంది. ఇప్పుడు తన కోడలు అంగన్‌వాడీ కార్యకర్త. ఆ అమ్మాయి చేరినప్పుడు దానికీ పది పాసే అర్హత. అందుకే మా ఊళ్లో ఏ పిల్ల పది ఫెయిలైందని విన్నా నేను ఊరుకోను. ఇంటికెళ్లి సప్లిమెంటరీ ఫీజు కట్టించి వస్తాను.

మార్కులకి అసలు విలువే లేదని కాదు. నాకు తెలిసి రెండు చోట్ల పది మార్కులే అన్నీ తేలుస్తాయి. ఒకటి, 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ. అక్కడ ఆరేళ్ల చదువుకి పది మార్కుల మీదే సీటిస్తారు, సర్కారు బడి పిల్లలకి కొంత కలుపుతారు కూడా. రెండోది తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగం. దానికి పరీక్ష లేదు, పదిలో వచ్చిన మార్కులే. 431తో మావాడికి ఈ రెండూ అందేలా లేవు. అంటే వాడికి పది చేయవలసిన పని చేసేసింది. ఇక మిగిలింది తర్వాతి అడుగు.

ఇంటర్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాని గురించి అందరూ చెబుతూనే ఉంటారు. మా క్లాసు నుంచి తొమ్మిది మంది ఇంటర్‌కి వెళ్లారు. 512తో క్లాస్ ఫస్ట్ వచ్చిన అమ్మాయి బైపీసీ చదివి, కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చేసింది. డాక్టరు కావాలంటే వేరే దారి లేదు. ఒకడు ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగ్ (టీటీసీ) చేసి డీఎస్సీలో టీచరయ్యాడు, అదీ ఇంటర్ లేకపోతే కుదరదు. కానీ మిగిలినవాళ్లకి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. డిగ్రీ, ఆ తర్వాత రెండు మూడేళ్లు కోచింగులు. ఇరవై నాలుగేళ్లొచ్చేదాకా ఇంటికి రూపాయి తేలేదు. తప్పు వాళ్లది కాదు. ఇంటర్ సర్టిఫికెట్టు ఒక్కటీ చేతిలో పెట్టుకుని ఎక్కడికెళ్లినా "తర్వాత ఏం చేశావు?" అనే అడుగుతారు. అది సగంలో ఉన్న వంతెన. ఆవలి ఒడ్డుకి వెళ్లే ఓపికా డబ్బూ ఉంటేనే ఎక్కాలి. పైగా హాస్టల్ ఇంటర్ అంటే ఇప్పుడు ఏడాదికి లక్ష దాటిపోతోంది. పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు. అక్క వాణ్ణి ఆ టెన్షన్‌లో పెడతానంటే నాకు మనసు ఒప్పుకోవడం లేదు. మోటార్ విప్పి కూర్చుంటే అన్నం కూడా గుర్తురాని పిల్లాడు వాడు.

ఐటీఐ మా తమ్ముడు చేశాడు. 1993లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడు, రెండేళ్లు. ఆ తర్వాత విశాఖలో ఏడాది అప్రెంటిస్. అది పూర్తయి ఇంటికొచ్చిన కొద్ది రోజులకే 1996 నవంబరు 6 తుఫాను. ఆ రాత్రి గురించి కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే నిలబడ్డ కొబ్బరి చెట్టు కనిపించలేదు, కరెంటు స్తంభాలు వరుసగా పడున్నాయి. వాడు వెంటనే లైన్ల పనికి కూలి లెక్కన కుదిరాడు. వారాల తరబడి వాడికి పగలూ రాత్రీ పనే. స్తంభం ఎక్కగలిగినవాళ్లు చాలా మందే ఉన్నారు గానీ, ట్రేడ్ సర్టిఫికెట్టు ఉన్నవాళ్లు కొద్దిమందే. తర్వాత పోస్టులు పడినప్పుడు వాడికి లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. వాడితోపాటు ఆ తుఫాను రోజుల్లో పనిచేసిన ఒక కుర్రాడు పనిలో వాడికంటే చురుకు, కానీ చేతిలో కాగితం లేదు. అతను ఇప్పటికీ రోజు కూలికే వైరింగ్ చేస్తున్నాడు.

రెండేళ్లలో చేతికి పని, ఆ పనికి సాక్ష్యంగా కాగితం. ఇంత తక్కువ కాలంలో, ఇంత తక్కువ ఖర్చులో ఈ రెండూ ఇచ్చేది ఐటీఐ ఒక్కటే. అయితే మా తమ్ముడే ఒక మాట అంటాడు: "పైకి ఎక్కింది స్తంభాలేరా అన్నయ్యా, ఉద్యోగంలో కాదు." వాడి పైన ఉన్న ఇంజనీరు వాడి కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉందని మావాడికి చెప్పాను. కానీ ఒకసారి జీతం తెస్తున్నవాణ్ణి మళ్లీ పుస్తకాల ముందు కూర్చోబెట్టడం చాలా కష్టం. మా తమ్ముడు కూర్చోలేదు.

నేను కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి 1992లో బయటికొచ్చాను. మూడేళ్లలో నాకు వచ్చిన విద్య ఏమిటంటే లెవెల్ పెట్టడం, డ్రాయింగ్ చదవడం, ఎస్టిమేట్ వేయడం. అడుగు లోతులో నీరు తగిలే మన నల్లరేగడిలో పునాది ఎలా నిలుస్తుందో మాత్రం తుఫాను తర్వాత కట్టిన ఇళ్ల దగ్గర మేస్త్రీలే నేర్పారు. నా చేతిలో డిప్లొమా ఉంది కాబట్టే కాంట్రాక్టరు నన్ను వాళ్ల దగ్గర నిలబెట్టాడు, ఆ మాట మర్చిపోను. తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో చేరాను. పదమూడేళ్ల అనుభవం ఉన్న నన్ను, మూడేళ్ల కిందట బీటెక్ అయిన కుర్రాడి కింద వేశారు. అతను మంచివాడే, నన్ను "గారూ" అనే పిలిచేవాడు. కానీ ప్రతి డ్రాయింగ్ మీదా సంతకం అతనిది, కింద పని నాది. డిప్లొమా అవగానే బీటెక్ రెండో ఏడాదిలో చేరే అవకాశం నాకూ ఉండేది. నాన్నకి అప్పుడు అప్పులున్నాయి, నేను వెళ్లలేదు. ఇప్పుడు దానికి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మావాడు ఏ పాలిటెక్నిక్‌లో చేరినా నేను ముందే పెట్టే షరతు ఇదే: మూడో ఏడాదిలో ఈసెట్ రాయాలి, ర్యాంకొస్తే వెళ్లాలి, ఆ ఫీజు సంగతి మావయ్య చూసుకుంటాడు.

2019లో గ్రామ సచివాలయాలు పెట్టి, లక్షా పాతిక వేలకి పైగా పోస్టులు ఒకేసారి వేసినప్పుడు ఈ లెక్క మా ఊళ్లోనే కళ్లకి కట్టింది. ఇంజనీరింగ్ అసిస్టెంటుకి డిప్లొమా, ఎనర్జీ అసిస్టెంటుకి ఐటీఐ, మత్స్య సహాయకుడికి ఫిషరీస్ డిప్లొమా అడిగారు. ఇంటర్ ఎంపీసీ ఒక్కటే ఉన్నవాళ్లకి వాటిలో దేనికీ అర్హత లేదు. మొదటి రెండేళ్లూ 15,000 జీతమే, అదేమంత గొప్ప కాదు. అయినా సొంత మండలం దాటకుండా ఉద్యోగమంటే చిన్న మాట కాదు. దానికి అర్హులై నిలిచింది ఎక్కువగా పని నేర్పే కోర్సులు చేసినవాళ్లే.

ఇక మా అన్నయ్య. వాడి పేరు చెప్పి బావగారి తమ్ముడు మొన్న అన్నాడట, "ఏ చదువూ లేకుండా మీ అన్నయ్య బాగుపడలేదేంటండీ?" అని. దీనికి మాత్రం కాస్త గట్టిగానే జవాబు చెప్పాలి. అన్నయ్య తొమ్మిదిలో ఆపేశాడు. ఉప్పలగుప్తం వైపు మా మూడెకరాల్లో చెరువు తవ్వి టైగర్ రొయ్య వేశాడు. 1995 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి మొత్తం ఊడ్చుకుపోయింది. మళ్లీ వరికి తిరిగి, అప్పు తీర్చడానికి పదేళ్లు పట్టింది. వెనామీ రకం రొయ్య వచ్చాక మళ్లీ చెరువు చేశాడు. ఇప్పుడు బాగున్నాడు. తెల్లవారుజామున నీళ్ల రంగు చూసి ఆక్సిజన్ పడిపోతోందని చెప్పేస్తాడు. చెరువులో దించిన చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి రేపటి మేత లెక్క కడతాడు. వాడిది గొప్ప విద్య, నేను కాదనను.

కానీ వాడి చెరువు మీద ఏళ్ల తరబడి ఉన్న మనిషి ఒకతను ఉన్నాడు. అతనికీ ఇదంతా తెలుసు, కొన్ని అన్నయ్యకి అతనే నేర్పాడు. అతనూ తొమ్మిదిలోనే మానేశాడు. అతను ఇప్పటికీ నెల జీతానికి గట్టు మీద షెడ్డులోనే పడుకుంటున్నాడు. ఇద్దరి మధ్యా తేడా తెలివి కాదు, ఆ మూడెకరాలు. తెల్లమచ్చ వచ్చినప్పుడు అన్నయ్యని నిలబెట్టింది ఆ నేలే, దాని మీద బ్యాంకు ఇచ్చిన అప్పే. డెల్టాలో చదువు లేకుండా నిలదొక్కుకున్నవాళ్ల కథలు వినేటప్పుడు వాళ్ల కింద ఎన్ని ఎకరాలున్నాయో కూడా అడగాలి. అక్కా బావగార్లకి ఉన్నది ముప్పై సెంట్ల కొబ్బరితోట. మావాడికి ఆ దారి లేదు.

నా మాట పాలిటెక్నిక్, అందులోనూ ఎలక్ట్రికల్. ఈ రోజు డెల్టాలో ఏ వైపు చూసినా చెరువు నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. వాటి మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసే డిప్లొమా మనిషికి పనికి కొదవ లేదు. రైల్వేలో జూనియర్ ఇంజనీరుకీ ఆ డిప్లొమా సరిపోతుంది. వాడికి ఇష్టమైన కరెంటు పని పోదు, నాకూ తమ్ముడికీ తగిలిన గోడ వాడికి తగలకుండా ఈసెట్ ఉంటుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌కి పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీయే. వాడు రాశాడు, ర్యాంకూ ఫరవాలేదు. సర్కారు కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు రాకపోతే మాత్రం, దూరంగా ఏదో ప్రైవేటు కాలేజీలో ఏదో ఒక బ్రాంచి కంటే దగ్గర్లోని సర్కారు ఐటీఐయే మేలు. అప్పుడు వాడి మాటే నెగ్గాలి, అక్కకి నేను నచ్చజెబుతాను.

ఈలోగా ఒక పని ఉంది. వాడి మార్కుల మెమో ఫోటో వాట్సాప్‌లో పంపింది అక్క. అందులో ఇంటిపేరు ఒక తీరుగా ఉంది, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. ఒక్క అక్షరమే తేడా. సోమవారం పొద్దున్నే బావగారూ నేనూ వాడి బడికి వెళ్లి హెడ్మాస్టారిని కలుస్తున్నాం.