మెడ స్కాన్ క్యాంపులో "70 శాతం బ్లాక్" అన్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట, పరకాల, నర్సంపేట వైపు వాళ్లందరి కోసం రాస్తున్నా. "లకువ (పక్షవాతం) రాకముందే కనిపెడతాం" అని బ్యానర్ కట్టి, ఫంక్షన్ హాళ్లలో మెడ రక్తనాళాల స్కానింగ్ క్యాంపులు పెడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుపోదామని అనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మా బాపును తీసుకుపోయింది నేనే. 1,499 రూపాయల ప్యాకేజీ అని పోయి 15,000 అడ్వాన్స్ కట్టి వచ్చాం. ఆ తర్వాత పన్నెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

బాపుకు 67 ఏళ్లు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, చుట్ట అలవాటు ఉంది. పోయినేడు మా పెద్దబాపుకు లకువ వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. అప్పటినుంచి బాపు లోపల లోపల భయపడుతున్నాడు. అందుకే బ్యానర్ చూడగానే పోదామన్నాను.

అక్కడ ఒక పరదా, ఒక బల్ల, చిన్న స్కానింగ్ మెషిన్. ఒక అబ్బాయి మెడకు జెల్లీ రాసి పది నిమిషాల్లో ముగించాడు. బీపీ చూడలేదు, నాడి పట్టుకోలేదు, ఏం మందులు వాడుతున్నాడని కూడా అడగలేదు. రంగుల బొమ్మలతో రెండు పేజీల కాగితం ఇచ్చారు. కుడివైపు 70 శాతం పూడిక, "రక్తనాళాల వయసు 81" అని ఉంది. పక్క టేబుల్ దగ్గర కూర్చున్నామె, "ఎప్పుడైనా పడిపోవచ్చు, ఇయ్యాల బుక్ చేసుకుంటే తగ్గిస్తం, రేపే అడ్మిట్ చేయండి, యాంజియో చేసి స్టెంట్ వేస్తరు" అన్నది. బాపు మొహం చూసి నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఫోన్ తీసి అక్కడికక్కడే డబ్బు పంపేశాను.

ఆ రాత్రి బాపు మెడ తిప్పలేదు. కుడివైపు ఒత్తిగిలితే నరం మూసుకుపోతుందేమోనని వెల్లకిలా పడుకున్నాడు. తెల్లారుజామున నన్ను పిలిచి, "బిడ్డా, పట్టా పాసుబుక్కు బీరువల కింది అరల ఉన్నది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఇంకొక చోట చూపించమని మా చిన్నాయన పట్టుబట్టాడు. సర్కారు దవాఖానలో ఒక రేడియాలజీ డాక్టర్ బాపును పడుకోబెట్టి, రెండు వైపులా కలిపి దాదాపు అరగంట చూశారు. ఆయన నన్ను స్క్రీన్ దగ్గరికి పిలిచి చెప్పిన విషయమే ఈ పోస్టులో అసలైనది. దయచేసి ఓపికగా చదవండి.

పూడిక ఉన్న మాట నిజమే. నాళం లోపలి వెడల్పు ఆ చోట 6 మిల్లీమీటర్లు ఉండాల్సింది, పూడిక పోను రక్తం పారే దారి 3.3 మిల్లీమీటర్లు మిగిలింది. అడ్డంగా కొలిస్తే తగ్గింది 45 శాతం. అదే నాళాన్ని అడ్డంగా కోసినట్టు గుండ్రంగా చూసి వైశాల్యం లెక్కకడితే తగ్గింది 70 శాతం అవుతుంది. నాళం ఒకటే, పూడిక ఒకటే, అంకెలు మాత్రం రెండు. స్టెంట్ వేయాలా, ఆపరేషన్ చేయాలా అని డాక్టర్లు తేల్చేది వ్యాసం, అంటే అడ్డం కొలత (డయామీటర్) మీద లెక్కించిన శాతంతో. క్యాంపు వాళ్లు మాకు చెప్పింది వైశాల్యం మీద వచ్చిన శాతం. కాగితం కింద "ఏరియా" అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంది. మేం చూడలేదు, వాళ్లు చెప్పలేదు.

రెండో సంగతి వేగం. కాలువ సన్నబడ్డ చోట నీళ్లు ఎట్లా ఉరుకుతాయో, నాళం ఇరుకైన చోట రక్తం అట్లా ఉరుకుతుంది. ఈ స్కాన్‌లో డాప్లర్ అనే పద్ధతి కొలిచేది ఆ వేగాన్నే. 2003లో అమెరికా రేడియాలజిస్టులు ఒప్పుకున్న లెక్క ప్రకారం, గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే ఇరుకు 50 శాతం కన్నా తక్కువ. 125 నుంచి 230 దాకా అయితే 50 నుంచి 69 శాతం. 230 దాటితే 70 శాతం లేదా అంతకన్నా ఎక్కువ. బాపుకు వచ్చింది 92. క్యాంపు కాగితంలో వేగం అంకె ఎక్కడా లేదు. వేగం రాయకుండా 70 శాతం ఎట్లా రాశారని అడిగితే ఈరోజు దాకా జవాబు లేదు.

"రక్తనాళాల వయసు" అన్నది నాళం గోడ మందం నుంచి తీసిన లెక్క. వయసు పెరిగేకొద్దీ గోడ మందమవడం మామూలే. లకువ, గుండెపోటు ముప్పు తేల్చడానికి ఆ మందాన్ని అందరికీ కొలవాల్సిన పని లేదని 2013లోనే అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాలు చెప్పాయి. ఏ లక్షణమూ లేని పెద్దవాళ్లందరికీ మెడ స్కాన్ చేయడం వద్దని ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహా ఇచ్చే అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2014లోనూ చెప్పింది, 2021లోనూ చెప్పింది. స్కాన్ తప్పు చూపిస్తే యాంజియో, స్టెంట్ దాకా పోతుంది, మరి ఆ రెండు పనుల్లో కూడా కొందరికి లకువ వస్తుంది. ఈ మాట విన్నాక నాకు కాళ్లలో వణుకు పుట్టింది. బాపును మర్నాడే అడ్మిట్ చేసి ఉంటే?

డాక్టర్ బాపుకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ రాశారు, బీపీ మందు మార్చారు, చుట్ట మానేయమన్నారు. గుండె లయ తప్పితే కూడా గడ్డలు మెదడుకు పోతాయని ఈసీజీ తీయించారు. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అదే క్యాంపులో మా చిన్నమ్మకు "అంతా క్లియర్" అన్నారు. ఆమె ఆ మాట పట్టుకుని బీపీ గోలీలు ఆపేసింది. నెలన్నరకు తలనొప్పి అంటే చూపించాం, బీపీ 190 ఉంది. మెడ నాళం బాగున్నంత మాత్రాన లకువ రాదని కాదు. బీపీతో మెదడులో నాళం చిట్లవచ్చు, గుండె నుంచి గడ్డ రావచ్చు. అవేవీ ఈ స్కాన్‌లో కనిపించవు. నా లెక్కలో భయపెట్టడం కన్నా ఈ ధైర్యం చెప్పడమే ఎక్కువ ప్రమాదం.

స్కాన్ చెడ్డదని నేను అనడం లేదు. అవసరమున్న మనిషికి చేతనైనవాళ్లు చేస్తే అది ప్రాణం కాపాడుతుంది. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, ఒక కంటికి పరదా దించినట్టు చీకటి కమ్మడం, వీటిలో ఏది వచ్చినా, పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు టైము నాలుగున్నర గంటలే. అట్లాంటి మనిషికి మెడ డాప్లర్ తప్పకుండా చేయాలి. లక్షణాలు వచ్చి, ఇరుకు 70 శాతం దాటినవాళ్లకు ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లోనే ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. మా బాపుకు అటువంటి లక్షణం ఒక్కటీ లేదు.

మీ చేతిలో ఇప్పటికే అట్లాంటి కాగితం ఉంటే ముందు ఆ శాతం డయామీటర్‌దా, ఏరియాదా అని అడగండి. వేగం అంకె ఉందా, బొమ్మ మీద రాసిన కోణం (స్కాన్ తరంగానికీ రక్తం పారే దారికీ మధ్య కోణం) 60 డిగ్రీలకు మించిందా చూడండి. కోణం మించితే వేగం లెక్క బాగా తప్పుతుంది. సంతకం చేసినది డాక్టరేనా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా చూడండి. కడుపులో బిడ్డను చూడగల ఏ అల్ట్రాసౌండ్ మెషిన్ అయినా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (పుట్టకముందే ఆడా మగా చెప్పడాన్ని నిషేధించే చట్టం) కింద రిజిస్టరై ఉండాలి. సర్టిఫికెట్ చూపించమనండి. మాకు చూపించలేదు. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఫిర్యాదు కాగితం రాసిచ్చాం.

అడ్వాన్స్ తిరిగి ఇవ్వం అన్నారు. అందుకని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా ఫిర్యాదు వేశాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకున్నా వేయొచ్చు. అది తేలేదాకా వాళ్ల పేరు రాయను, కామెంట్లలో మీరు కూడా రాయకండి. రసీదు, ఫోన్ పేమెంట్ మెసేజ్, స్కాన్ బొమ్మలు, ఆ రోజు ఇచ్చిన పాంప్లెట్ పారేయకుండా దాచుకోండి. ఫిర్యాదు ఎట్లా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, మేం రాసిన కాగితం పంపిస్తా.