ఎంసీపీ కార్డు: ప్రెగ్నెన్సీ నుంచి పాప నడిచేదాకా వాడాక నా రివ్యూ

మాది వైజాగ్ గోపాలపట్నం. ప్రెగ్నెన్సీ రిజిస్టర్ చేసినప్పుడు ఏఎన్ఎం గారు (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ఇస్తారు కదా తల్లీబిడ్డల కార్డు, అదే ఈ ఎంసీపీ కార్డు, చాలామంది దాన్ని పిల్లల టీకాల కోసమే అనుకుని బీరువాలో పెట్టేస్తారు, నేను మాత్రం పాప నడిచేదాకా ప్రతి చెకప్‌కీ పట్టుకెళ్ళాను. డాక్టర్లు రాసే మాటలు నాకు అర్థమయ్యాయంటే దాని పుణ్యమే.

ఎల్ఎంపీ అంటే ఆఖరి నెలసరి మొదలైన రోజు, దానికి 9 నెలల 7 రోజులు కలిపితే ఈడీడీ, అంటే కాన్పు తేదీ అంచనా. వారాలు లెక్కెట్టేదీ ఆ రోజు నుంచే.

నన్ను బాగా ఏడిపించింది జీ2 పీ0 ఎల్0 ఏ1 అన్న లైను. జీ అంటే ఎన్నో గర్భం, పీ కాన్పులు, ఎల్ బతికున్న పిల్లలు, ఏ అంటే అబార్షన్. ఒకసారి తోడొచ్చిన మా ఆయన పెద్దమ్మ అది చదివించుకుని "అబార్షన్ ఎప్పుడు చేయించుకున్నావే?" అని అందరి ముందూ అడిగేసింది, నాకు కళ్ళంట నీళ్ళొచ్చేశాయి, ఎందుకంటే అది మూడో నెలలో దానంతటదే పోయిన కడుపు. అప్పుడు ఏఎన్ఎం గారే ఆవిడని కూర్చోబెట్టి "అమ్మా, 20 వారాల్లోపు దానంతటదే పోయినా మేం ఏ అనే రాస్తాం, ఈ అమ్మాయి ఏం చేసుకోలేదు" అని చెప్పారు. ఈ ముక్క ప్రతి ఇంట్లో తెలియాలి.

కార్డులో నాకు బాగా నచ్చింది అంకెలు వరసగా ఉండటం. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, నాది 9.4 ఉండేది, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకున్నాక పెరగడం గడి గడికీ కనిపించింది. బీపీ 140/90 గానీ ఆపైన గానీ ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది.

స్కాన్ రిపోర్టు దగ్గర మాత్రం కార్డు సరిపోదు, అడిగి తెలుసుకోవాల్సిందే. ప్లాసెంటా అంటే మాయ, యాంటీరియర్ అంటే అది పొట్ట వైపు గోడకుంది, పోస్టీరియర్ అంటే వెన్ను వైపు, రెండూ మామూలే, దాన్ని బట్టి ఆడా మగా చెప్పేస్తాం అనేవాళ్ళని అస్సలు నమ్మొద్దు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో మాయ కిందకుందని వచ్చినా గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి పైకి జరుగుతుంది, మళ్ళీ స్కాన్ మాత్రం తప్పదు. బ్రీచ్ అంటే ఎదురుకాళ్ళు, ఏడో నెలలో అలా ఉన్నా తర్వాత తిరిగే బిడ్డలే ఎక్కువ.

డాక్టర్ గారికి టైం ఉండదు అనుకునేవాళ్ళు ప్రతి నెలా 9వ తారీకున గవర్నమెంటు ఆసుపత్రుల్లో గర్భిణీలకి ఫ్రీ చెకప్ ఉంటుంది, వెళ్ళి అడగండి.

కార్డులో ప్రమాద లక్షణాల బొమ్మలు కూడా ఉంటాయి, బ్లీడింగ్, ఫిట్స్, వాపులు లాంటివి, అవి ఇంట్లో మగవాళ్ళకీ చూపించండి. నాకు రాత్రిపూట ఉమ్మనీరు పోయినప్పుడు మా ఆయన 108కి ఫోన్ చేసి, ఎన్నో వారం, బీపీ ఎంత అంటే తడుముకోకుండా కార్డు చూసి చెప్పేశారు.