గోచీ పట్టీ ఉన్న లైఫ్ జాకెట్: పడవ బోల్తా పడ్డాక రాస్తున్న సమీక్ష

లైఫ్ జాకెట్ కొనేవాళ్లు రంగు చూస్తారు, రేటు చూస్తారు. కింద వేలాడే నల్ల పట్టీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వెనక నుంచి కాళ్ల మధ్యగా ముందుకి తెచ్చి బకిల్‌కి తగిలించుకునే పట్టీ అది. మా రేవులో దాన్ని గోచీ పట్టీ అంటారు. చాలామంది అడ్డంగా ఉందని కత్తిరించేస్తారు, లేదంటే జాకెట్ లోపలికి దోపేస్తారు. నా సమీక్షంతా ఆ పట్టీ గురించే. జాకెట్‌లో మిగతావన్నీ ఏ జాకెట్‌కైనా ఉండేవే.

మా బడి వశిష్ఠ పాయ అవతల లంకలో ఉంది. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద స్కూటీ వెళ్లిపోతుంది. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కుల మొదటి హెచ్చరిక రాకముందే మా కాజ్‌వే మునిగిపోతుంది. వరద తీశాక కూడా బురద పోయి బండి తిరిగేదాకా పడవే దిక్కు. 2018 జులై 14న పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడినప్పటి నుంచి మా అన్నయ్యకి నా పడవ ప్రయాణమంటే టెన్షన్. రేవులో ఇచ్చేవి నమ్మొద్దని తనే ఈ జాకెట్ కొనిచ్చాడు. మొదట్లో నేను పట్టీ పెట్టుకుంటుంటే పడవ నడిపే ఆయన ‘ఏంటండీ మేడంగారూ, కుస్తీకి దిగుతున్నారా?’ అనేవాడు. నాకూ నవ్వొచ్చేది. అయినా పెట్టుకునేదాన్ని, అన్నయ్య ఫోన్ చేసి మరీ అడుగుతాడు కాబట్టి.

పోయిన వరదల్లో ఒక సాయంత్రం బడి నుంచి తిరిగొస్తున్నాం. చిన్న ఫైబర్ పడవ. ముందు అరటి గెలలు, మధ్యలో ఒక మోటార్ సైకిల్, చుట్టూ మేము. పాయ సగం దాటాక పడవ ఊగి బండి స్టాండ్ జారింది. పడిపోతున్న బండిని పట్టుకోవడానికి ముగ్గురు నలుగురు ఒక్కసారే అటు వంగారు. ఆ పక్క అంచు నీళ్లలోకి దిగింది. లోపలికొచ్చిన నీళ్లూ గెలలూ అటే జారాయి. అరిచే టైం కూడా లేదు, పడవ మా మీదకి తిరిగిపోయింది.

లోపల అంతా ఎర్రటి చీకటి. జాకెట్ నన్ను పైకి లాగుతోంది, అంతవరకు తెలుస్తోంది. భుజాల దగ్గర అది ఎగదన్ని గడ్డానికి తగలబోయింది. సరిగ్గా అప్పుడు తొడల దగ్గర పట్టీ బిర్రుగా బిగుసుకుని జాకెట్‌ని ఆపేసింది. తల నీళ్ల పైకి వచ్చింది, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. పడవ బోర్లా పడి తేలుతోంది. దాని ముందు కొసకి కట్టిన తాడు చేతికి దొరికింది.

నా పక్కన తేలినాయన అరటి వ్యాపారి. ఆయన వేసుకున్నది రేవులో ఇచ్చిన జాకెట్. దానికి గోచీ పట్టీ లేదు సరికదా, నడుం దగ్గర బకిల్ విరిగితే తాళ్లు ముడేసి ఇచ్చారు. అది చెవుల దాకా ఎక్కి మొహాన్ని కప్పేసింది. ఆయన రెండు చేతులతో దాన్ని కిందికి లాక్కుంటున్నాడు, వదిలితే మళ్లీ ఎక్కుతోంది. ఇంక తాడెక్కడ పట్టుకుంటాడు? నేను ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఆయన జాకెట్ అంచు పట్టుకుని ‘బాబాయ్ గారూ, మీరు తాడు పట్టుకోండి, ఇది నేను లాగి ఉంచుతా’ అని అరిచాను. చాలాసేపు అలాగే ఉన్నాం.

ఆ తర్వాత వేట పడవ వాళ్లు వచ్చారు. జాకెట్‌కి మెడ వెనక ఒక ఉచ్చులాంటి పట్టీ ఉంటుంది కదా, అది పట్టుకుని లాగితే నేను మొత్తంగా లేచి పడవలో పడ్డాను. ఆయన్ని అలాగే లాగబోతే జాకెట్ తల మీదుగా ఊడి వాళ్ల చేతికి వచ్చేసింది. మనిషి నీళ్లలోనే ఉండిపోయాడు. చివరికి చొక్కా, చంకలు పట్టుకుని ఎక్కించారు. అందరం బతికాం. బండీ గెలలూ గోదారి పాలు.

ఫోమ్ పైకి తేలాలని చూస్తుంది, ఒళ్లు కిందికి దిగుతుంది. రెండింటినీ కలిపి ఉంచేది పట్టీలే. నడుం పట్టీ బిగిస్తే చాలదా అంటారు. నాలాంటి బక్కవాళ్లకి బట్టలు తడిశాక నడుం పట్టీ ఎంత బిగించినా చంకల్లోకి జారుతుంది. పట్టీ వల్ల తొడల మీద నల్లగా కమిలి వారం పైన నొప్పి పుట్టింది, దానికి నాకు ఫిర్యాదేం లేదు.

ఇక జాకెట్‌ని మొత్తంగా ఆకాశానికెత్తేయలేను. కొన్న కొత్తలో ‘విజిల్ కూడా ఉంది’ అని స్టాఫ్ రూంలో అందరికీ ఊది చూపించాను. నీళ్లలో అవసరపడ్డప్పుడు అది తుస్సుమంది. లోపల గింజ ఉండే రకం, తడిసి అతుక్కుపోయింది. వేట పడవ వాళ్లకి వినపడ్డది మా అరుపులే. ఆ తర్వాత గింజ లేని విజిల్ కొని కట్టుకున్నాను. భుజం మీది మెరిసే టేపు ఎండకి పొరలు లేస్తోంది. ఫోమ్ కూడా కొత్తలో ఉన్నంత దళసరిగా లేదు. పడవలో పిల్లలు దాన్ని మెత్తగా వేసుకుని కూర్చునేవాళ్లు, ఇప్పుడు కూర్చోనివ్వడం లేదు. నలిగిపోయిన ఫోమ్ తేల్చే శక్తి తగ్గుతుంది.

లేబుల్ మీద నాది 100 న్యూటన్లు, నీళ్లలో తేల్చే శక్తికి అది కొలత. సగం ధరకి దొరికే 50వి ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర ఆటలకి. స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పుతాయన్న భరోసా వాటికి లేదు. నాకు ఈత రాదు, అందుకని ఆ తేడా డబ్బులు నాకు బరువనిపించలేదు.

ఆడవాళ్లకి ఇంకో చిక్కుంది. చీర మీద ఈ పట్టీ పెట్టడం కుదరదు. పెట్టినా చీర మోకాళ్ల దాకా లేస్తుంది. నేను వరదల నెలల్లో చుడీదార్‌లోనే వెళ్తాను. మా బడిలో పెద్ద టీచర్ గారు చీర తప్ప కట్టరు, ఆవిడ పట్టీని లోపలికి దోపేసి జాకెట్ వేసుకుంటారు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషిని రేవులో పదిమంది ముందు బట్టలు మార్చుకోమని ఎలా చెప్పను? అలాంటివాళ్లకి నడుం దగ్గర ఒకటికి రెండు పట్టీలున్న మోడల్ నయమేమో, నేను వాడలేదు.

పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. పెద్దవాళ్ల జాకెట్ పిల్లకి వేస్తే నీళ్లలో పిల్ల కిందనుంచి జారిపోతుంది, జాకెట్ ఒక్కటే తేలుతుంది. లేబుల్ మీది బరువు చూసి, పట్టీ ఉన్న చిన్న సైజే కొనండి. రోజూ దాటే పనిలేక, ఏడాదికోసారి పాపికొండలు చూడ్డానికి వెళ్లేవాళ్లు సొంతంగా కొనుక్కోనక్కర్లేదు. అక్కడిచ్చే జాకెట్ బకిళ్లు పడుతున్నాయో లేదో చూసుకుని వేసుకోండి, దిగేదాకా విప్పకండి.

నేను మళ్లీ ఇదే కొంటానా అంటే, బహుశా కొంటాను, విజిల్ మార్చుకోవాలన్న విసుగుతోనే. వచ్చే బదిలీల్లో ఇవతలి ఒడ్డున బడి వస్తే ఇది మా పెద్ద టీచర్ గారి అమ్మాయికి ఇచ్చేస్తాను, ఆ పిల్ల కూడా లంకలోనే ఉద్యోగం.