అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారు: కాలేజీ రోజుల నుంచీ వెళ్తున్నదాన్ని, నా రివ్యూ

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారట కదా, వెళ్లొచ్చా, పనికొచ్చేవి దొరుకుతాయా అని. వెళ్లండి. చేతిలో డబ్బు తక్కువ, చదవాలన్న యావ ఎక్కువ ఉన్న వయసులో ఉంటే మాత్రం ముందు అక్కడికే వెళ్లండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అంతకుముందు నాకు పుస్తకాలు ఎలా దొరికేవో నాకు తెలుసు కాబట్టి.

మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. శాఖా గ్రంథాలయం అంటే ఒక గది, రెండు పొడుగు బల్లలు, గోడ వెంట తాళాలేసిన ఇనప బీరువాలు. పేపర్ల కోసం వచ్చే పెద్దమనుషుల మధ్య ఇరుక్కుని కూర్చుని చందమామ చదివేదాన్ని. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ శంకర్ గారి బొమ్మని కథ కంటే ఎక్కువసేపు చూసేదాన్నేమో. బీరువాలో పుస్తకాలు మాత్రం అద్దంలోంచి చూడ్డమే, పిల్లలు చింపేస్తారని తీసేవాళ్లు కాదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనందరం కడుతున్నాం, అంటే ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే, అయినా పిల్లల చేతికి ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

ఇంట్లో అమ్మ ఉండేది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా విడదీసి, కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసేది. ఆ పుస్తకాల్లో కథ ఒక వైపు నడుస్తుంటే పేజీ వెనక సబ్బు ప్రకటనో, సగం తెగిన వంటల శీర్షికో, ఎవరికో ఇచ్చిన జ్యోతిషం జవాబో ఉండేది. నేను అన్నీ చదివేదాన్ని. ఇంటర్‌కి మిర్యాలగూడ వెళ్లాక అద్దె పుస్తకాల షాపు అలవాటైంది. డిపాజిట్ కట్టాలి, రోజు లెక్కన అద్దె, మర్నాటికి తిరిగి ఇవ్వకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది కాబట్టి రాత్రికి రాత్రే పూర్తి చేయాలి. నా చదువులో వేగం అక్కడే వచ్చింది. కానీ ఆ షాపులో అందరూ అడిగేవే ఉండేవి, ఎవరూ అడగని పుస్తకం పెడితే ఆయనకి గిట్టుబాటు కాదు.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చి అబిడ్స్ చూశాక తేడా తెలిసింది. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి, ఆ మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరుస్తారు. తాళం లేదు, అద్దం లేదు. ఎంతసేపు నిలబడి చదివినా సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. పేరు ఎప్పుడూ వినని పుస్తకాన్ని మొదటి రెండు పేజీలు చదివి, బాగుందనిపిస్తే టీ టిఫిన్ ఖర్చుతో కొనేయొచ్చు. నచ్చకపోయినా పెద్ద నష్టం లేదు. చరిత్ర, పక్షులు, రైల్వేలు, గణితం, నా సబ్జెక్టుకి ఏ సంబంధమూ లేనివన్నీ చదవడం అలా మొదలైంది. కొత్త పుస్తకాల షాపులో ఆ ధర పెట్టి అంత ధైర్యం ఎవరు చేస్తారు?

రేట్ల సంగతి. కొన్ని కుప్పల మీద ఏదైనా 50, ఏదైనా 100 అని అట్టముక్క పెట్టి ఉంటుంది, అక్కడ బేరం ఉండదు. విడిగా పేర్చినవాటికి బేరం ఉంటుంది. "ఎంతన్నా?" అంటే "మీరే చెప్పండక్కా, ఎంతిస్తరు?" అని మన మీదకే తోస్తారు. మీకు నిజంగా ఎంత విలువ అనిపిస్తే అంత చెప్పండి, రెండు మూడు కలిపి తీసుకుంటే తగ్గిస్తారు. చాలామందికి ఏ పుస్తకానికి గిరాకీ ఉందో బాగా తెలుసు, అరుదైనది చవగ్గా కొట్టేద్దామనుకుని వెళ్తే కుదరదు, అది న్యాయమే కూడా.

కొనేముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, పేజీలు చూసుకోవాలి. పుస్తకాలు ఫారాల లెక్కన, అంటే కలిపి మడిచిన పేజీల కట్టలుగా కుడతారు, చాలావాటిలో 16 పేజీలకో ఫారం, కుట్టు ఊడితే ఒక పేజీ కాదు, మొత్తం ఫారమే పోతుంది. అందుకే వేలితో పేజీ నంబర్లు గబగబా తిప్పి చూడండి. రెండు, బాగా అమ్ముడుపోయే ఇంగ్లిష్ పుస్తకాలు కొత్తవిలా మెరుస్తూ కవర్లో ఉండి మరీ చవగ్గా ఇస్తున్నారంటే అవి దొంగ ముద్రణలు అయ్యే అవకాశం ఎక్కువ. కాగితం పల్చగా ఉంటుంది, అక్షరాలు మసగ్గా, మార్జిన్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. వాటి జోలికి పోవద్దు. రాసినవాళ్లకి రూపాయి కూడా వెళ్లదు.

పాఠ్యపుస్తకాలకైతే కోఠి నయం, అక్కడ వారమంతా షాపులుంటాయి, ఎడిషన్ అడిగి తీసుకోవచ్చు. అబిడ్స్‌లో దేనికోసం వెతుకుతున్నామో తెలియకుండా వెళ్తేనే బాగుంటుంది.

నిరాశ పరిచేది తెలుగు. మాస్కోలో రాదుగ, ప్రగతి అనే ప్రచురణ సంస్థల వాళ్లు తెలుగులో అచ్చేసి పంపిన పుస్తకాలు, విశాలాంధ్ర పుస్తకాల షాపుల వాళ్లు మన దగ్గర అమ్మినవి, 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఇక రాలేదు. నా కాలేజీ రోజుల్లో ఇక్కడి కుప్పల్లో అప్పుడప్పుడు కనిపించేవి, గట్టి అట్ట, రంగుల బొమ్మలు, కొన్నింటి మొదటి పేజీలో ఏదో ఊరి బడి బహుమతి ముద్ర. ఇప్పుడు అలాంటిది చేతికి తగలడం గగనం. పాత వారపత్రికలు, అమ్మ కుట్టినలాంటి సీరియల్ బైండ్లు అసలే కనపడవు, తూకానికి పోతున్నాయనుకుంటా. కొత్త తెలుగు పుస్తకాలు కావాలంటే నేరుగా కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపుకి వెళ్లడం మంచిది.

5కి 4 ఇస్తాను, ఆ ఒక్క మార్కూ తెలుగు కోసమే తగ్గించా. నాంపల్లి మెట్రోలో దిగితే నడిచే వెళ్లొచ్చు. పొద్దున పదికల్లా వెళ్తే ఎండా ఉండదు, జనమూ తక్కువ. వానాకాలం మబ్బు పట్టిందంటే టార్పాలిన్లు కప్పేస్తారు, ఆ రోజు మానుకోండి. చిల్లర దగ్గర పెట్టుకోండి. మీకు ఫలానా పుస్తకమే కావాలంటే పేరు కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురు అమ్మేవాళ్లకి ఇచ్చి రండి, పై వారం అడిగితే ఒకరి దగ్గరైనా ఉండొచ్చు.