లిస్బన్‌లో మే నెల: డెర్బీ టికెట్ ముంచింది, జామోర్ చెట్ల నీడ తేల్చింది

బెన్‌ఫికా సొంత మైదానం లుజ్ స్టేడియం గేటు దగ్గర టికెట్ చూసే మెషిన్ మూడుసార్లూ ఎర్రలైటే చూపించింది. 2025 మే 10, శనివారం. లిస్బన్ ఫుట్‌బాల్ క్లబ్బులు బెన్‌ఫికా, స్పోర్టింగ్ రెండూ 78 పాయింట్లతో సమానంగా ఉన్నాయి, లీగ్‌లో మిగిలినవి రెండే రౌండ్లు. ఒకే ఊరి ప్రత్యర్థులు తలపడే అలాంటి డెర్బీకి, టికెట్లు తిరిగి అమ్మే ఒక వెబ్‌సైట్‌లో ఒక్కోటి 210 యూరోల చొప్పున కొన్నాం. ముగ్గురికి 630, మన డబ్బుల్లో అరవై వేలు. గేటు దగ్గరి అమ్మాయి తెర మావైపు తిప్పి చూపించింది. మా చేతిలోని మూడు కోడ్‌లతో నలభై నిమిషాల ముందే ఎవరో లోపలికి వెళ్లిపోయారు.

ఒకే పీడీఎఫ్‌ను నలుగురైదుగురికి అమ్మితే జరిగేది ఇదే. ముందు స్కాన్ చేసినవాడు సీట్లో కూర్చుంటాడు, మిగతావాళ్లు రోడ్డు మీద మిగులుతారు. గేటు సిబ్బంది తప్పేమీ లేదు, వాళ్లతో వాదించి ప్రయోజనమూ లేదు. చేయాల్సింది ఒక్కటే: తిరస్కరించినట్టు కనిపించే తెరను అక్కడికక్కడే, టైముతో సహా ఫోటో తీసుకోవాలి. మా సొమ్ము తిరిగొచ్చింది ఆ ఫోటో వల్లే. వెబ్‌సైట్ వాళ్లు ఒక్క మెయిల్‌కూ జవాబివ్వలేదు. క్రెడిట్ కార్డుతో కట్టాం కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేసి, ఫోటో, పీడీఎఫ్, రసీదు మూడూ జతచేస్తే 43వ రోజున డబ్బు జమైంది. అదే నేరుగా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే ఆ అరవై వేలకు నీళ్లొదులుకోవడమే.

మా బావమరిది ఇరవై ఏళ్లుగా బెన్‌ఫికా మనిషి. యుసేబియో విగ్రహం దగ్గర మెట్టు మీద కూర్చుని, "బావా, ఇంతదూరం వచ్చింది గోడ చూడ్డానికా" అన్నాడు. ఆ సాయంత్రం ఇంకో మాట లేదు. పక్కనే ఉన్న కాఫీ కొట్టులో టీవీ ముందు నిలబడ్డాం. నాలుగో నిమిషంలో, టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలో ఉండగానే, స్టేడియంలో అరవై వేల గొంతులు ఒక్కసారిగా ఆగిపోయిన నిశ్శబ్దం మా దాకా వచ్చింది. కొన్ని సెకన్ల తర్వాత తెర మీద స్పోర్టింగ్ ఆటగాడు ట్రింకావ్ గోల్ కొట్టాడు. 63వ నిమిషంలో బెన్‌ఫికా తరఫున అక్తుర్కోగ్లు సమం చేసినప్పుడు కూడా ముందు అరుపే వచ్చింది. 1-1.

డెర్బీ టికెట్లు బయటివాళ్లకు దొరకడం దాదాపు అసాధ్యం. మొదట క్లబ్ సభ్యులకు అమ్ముతారు, వాళ్లు వదిలితేనే మామూలు అమ్మకం. అందుకే యాత్రను డెర్బీ చుట్టూ కట్టుకోవద్దు. అదే లుజ్‌లోనో, స్పోర్టింగ్ మైదానం అల్వలాడ్‌లోనో చిన్న జట్టుతో ఆడే మ్యాచ్ పెట్టుకోండి, క్లబ్ సొంత సైట్‌లో సులువుగా దొరుకుతుంది. లుజ్‌లో కిక్ఆఫ్‌కు ముందు విటోరియా అనే గద్ద స్టేడియమంతా చుట్టి వచ్చి క్లబ్ చిహ్నం మీద వాలే దృశ్యం ఏ మ్యాచ్‌కైనా ఉంటుంది, దానికి డెర్బీయే కానక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి తేదీ. సీజన్ మొదట్లో వచ్చే జాబితాలో వారాంతం మాత్రమే నమ్మదగ్గది. టీవీ కోసం అది శుక్రవారం కావచ్చు, సోమవారం రాత్రీ కావచ్చు. అసలు రోజు, సమయం కొన్ని వారాల ముందే ఖరారవుతాయి. అందుకే గురువారం దిగి మంగళవారం బయల్దేరేలా విమానం తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి నేరుగా లిస్బన్‌కు విమానం లేదు, దుబాయ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లాలి. గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి, రాత్రికి పది యూరోలు ఎక్కువైనా సరే. మైదానం ఎక్కడో కూడా చూసుకోవాలి. కాజా పియా లిస్బన్ క్లబ్బే, కానీ ఆ సీజన్‌లో సొంత మ్యాచ్‌లు ఆడింది ఊరికి చాలా దూరంలోని రియో మాయోర్‌లో. అదే ఎష్ట్రెలా ద అమదోరా మైదానానికైతే మెట్రో నీలం లైన్ చివరి స్టేషన్ రెబొలైరా దగ్గర దిగి నడిచిపోవచ్చు.

బస తెల్యైరాష్‌లో, ఆకుపచ్చ లైన్ చివర. ఒక ఇంటి పై అంతస్తు, పది రాత్రులు, రాత్రికి 92 యూరోలు. అల్వలాడ్ స్టేడియం ఉన్న కాంపో గ్రాందే తర్వాతి స్టేషనే. వంటిల్లు శుభ్రం, వీధి ప్రశాంతం. వెళ్లే రోజున మాత్రం ఇంటాయన పర్యాటక పన్ను కింద 120 యూరోలు నగదుగా అడిగాడు: ముగ్గురికి తలా 4 చొప్పున, పది రాత్రులకు. 2024 సెప్టెంబర్ నుంచి లిస్బన్‌లో తలకు రాత్రికి 4 యూరోలన్నది నిజమే. కానీ వరుసగా ఏడు రాత్రుల దాకానే కట్టాలి, ఆపైన లేదు. అంటే 84. ఆ సంగతి చెబితే మొదట నాకు పోర్చుగీస్ రాదన్నట్టు చూశాడు. "లివ్రో ద రెక్లమసోయిష్" ఇవ్వండి అనగానే 36 యూరోలు తగ్గించాడు.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. అది ఫిర్యాదుల పుస్తకం. హోటలైనా, భోజనశాలైనా, దుకాణమైనా పోర్చుగల్‌లో దాన్ని ఉంచడం, అడిగితే ఇవ్వడం చట్టం. మూడు కాగితాలు వస్తాయి: ఒకటి 15 పనిదినాల్లోగా ప్రభుత్వ శాఖకు వెళ్లాలి, ఒకటి మన చేతికి, ఒకటి పుస్తకంలోనే. ఆన్‌లైన్‌లోనూ రాయొచ్చు. రొస్సియు దగ్గర ఒక భోజనశాలలో మేం అడక్కుండానే రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చిపెట్టి బిల్లులో 11.50 వేశారు. దాన్ని కువేర్ అంటారు. అడగని, ముట్టని పదార్థానికి డబ్బు తీసుకోకూడదు. మేం ముట్టలేదు. పుస్తకం అడిగాం, బిల్లు మారింది. తింటే మాత్రం కట్టాల్సిందే. అక్కర్లేకపోతే పెట్టగానే వెనక్కి పంపేయాలి.

మెట్రోకు తలా ఒక నవెగాంట్ కార్డు, 2025లో 50 సెంట్లు. ఒకే కార్డు ముగ్గురికి పనిచేయదు. అప్పుడు విడి టికెట్ 1.85 యూరోలు, జాపింగ్ పద్ధతిలో కార్డులో డబ్బు వేసుకుంటే ప్రయాణానికి 1.66 పడింది. చాలామంది తడబడేది ఇక్కడే. కార్డులో విడి టికెట్ మిగిలి ఉండగా జాపింగ్ ఎక్కదు, అది వాడేశాకే ఎక్కుతుంది. జాపింగే మేలు, కశ్‌కాయిష్ వైపు రైలుకూ అదే కార్డు సరిపోతుంది. మ్యాచ్ అయ్యాక కాంపో గ్రాందే స్టేషన్ మెట్ల మీద అరగంట ఇరుక్కునే బదులు తర్వాతి స్టేషన్‌కు నడవండి. లుజ్ నుంచైతే కొలేజియో మిలితార్ వదిలేసి ఆల్తో దుష్ మొయీన్యుష్‌కు.

ఉత్తరాన మూడు రోజులు హాయిగా గడిచాయి. పోర్టో నుంచి బ్రాగాకు లోకల్ రైలు గంట ప్రయాణం, నాలుగు యూరోలలోపే. బ్రాగా స్టేడియం కోసమైనా వెళ్లాలి. ఎడ్వార్డో సౌటో ద మౌరా కొండ క్వారీలో కట్టాడు, రెండువైపులే గ్యాలరీలు, పైకప్పులను కలుపుతూ ఉక్కు తాళ్లు, ఒక గోల్ వెనక రాతిగోడ. పోర్టోలో బోవిష్తా క్లబ్ మైదానం బెస్సా చూస్తే బాధేసింది. 2001లో లీగ్ గెలిచిన ఆ క్లబ్ ఆ సీజన్‌లో అట్టడుగున 18వ స్థానంలో నిలిచి కిందికి పడిపోయింది. తిండి విషయంలో జాగ్రత్త: ఫ్రాన్సెజీన్యా అనే పోర్టో శాండ్‌విచ్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయి. కాల్దో వెర్ద్ ఆకుకూర సూపులా కనిపిస్తుంది గానీ పైన సాసేజ్ ముక్క వేస్తారు. మా మేనల్లుడు శాకాహారి, నాలుగో రోజుకే అన్నం అన్నం అని మొహం వేలాడేశాడు. లిస్బన్‌లో మార్తిం మొనీజ్ చుట్టుపక్కల మన ఉపఖండం వాళ్ల కొట్లు, భోజనశాలలు ఉన్నాయి. అక్కడ పప్పు, అన్నం, పెరుగు ముగ్గురికి 27 యూరోలు. వాడి మొహం వెలిగింది.

మే 17న చివరి రౌండు. డెర్బీ తర్వాత రెండింటికీ 79 పాయింట్లే. పాయింట్లు సమమైతే ముందు చూసేది గోల్ తేడా కాదు, ఆ రెండు జట్లు తలపడ్డ మ్యాచ్‌లు. డిసెంబర్‌లో స్పోర్టింగ్ 1-0తో గెలిచి ఉంది కాబట్టి పైచేయి దానిదే. స్పోర్టింగ్ 2-0తో గిమరాయిష్‌ను ఓడించింది, బెన్‌ఫికా బ్రాగాలో 1-1తో ఆగింది. చివరికి స్పోర్టింగ్‌కు 82, బెన్‌ఫికాకు 80. నవంబర్‌లో కోచ్ రూబెన్ అమోరిమ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయి, తర్వాత ఇద్దరు కోచ్‌లు మారినా స్పోర్టింగ్‌కు వరుసగా రెండో టైటిల్. దాని ఆటగాడు గ్యోకెరెస్ ఒక్కడే లీగ్‌లో 39 గోల్స్. టైటిల్ రాత్రి అభిమానులు సంబరాలకు చేరే మార్కెష్ ద పొంబాల్ కూడలికి వెళ్లదలిస్తే తిరుగు దారి ముందే చూసుకోండి. దారులు మూసేస్తారు, టాక్సీ రాదు, మెట్రో ఒంటిగంటకు ఆగిపోతుంది.

పోర్చుగల్ జాతీయ జట్టు కోసం వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు. దానికి స్థిరమైన సొంత మైదానం లేదు. ఆ సీజన్‌లో యూరప్ దేశాల పోటీ నేషన్స్ లీగ్‌లో క్రొయేషియాతో లుజ్‌లో, పోలండ్‌తో పోర్టోలోని డ్రాగావ్ స్టేడియంలో, డెన్మార్క్‌తో అల్వలాడ్‌లో ఆడింది. వేదిక ప్రకటించాకే గది తీసుకోవాలి. జూన్ 8 మ్యూనిక్ ఫైనల్‌ను ఇంటికి వచ్చాకే చూశాం, మన టైములో అర్ధరాత్రి పన్నెండున్నరకు. స్పెయిన్‌తో 2-2, పెనాల్టీలలో 5-3తో పోర్చుగల్ గెలిచింది. స్పెయిన్ ఆటగాడు మొరాటా కొట్టింది గోల్‌కీపర్ డియోగో కోస్టా ఆపాడు, రూబెన్ నెవెస్ ముగించాడు. ఆ జట్టులోని డియోగో జోటా నెల తిరక్కుండానే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ ఫైనల్ ఇప్పుడు మళ్లీ చూడాలంటే గుండె బరువెక్కుతుంది.

ఇంత ఖర్చులోనూ అన్నిటికన్నా తృప్తినిచ్చింది పైసా టికెట్ లేని రోజు. మే 25, స్పోర్టింగ్, బెన్‌ఫికాల పోర్చుగల్ కప్ ఫైనల్, లిస్బన్ పక్కనున్న జామోర్‌లో. కైష్ దో సొద్రేలో రైలెక్కి క్రూజ్ కెబ్రాడాలో దిగాలి, అక్కడి నుంచి జనం వెంట ఎత్తుమీదికి నడక. 1944లో తెరిచిన జాతీయ స్టేడియం చుట్టూ చెట్లు, ఆ చెట్ల కింద పొద్దుటి నుంచే పొయ్యిలు. ఆకుపచ్చ చొక్కాలవాళ్లొకవైపు, ఎర్ర చొక్కాలవాళ్లొకవైపు, మధ్యలో పొగ. ఒక పెద్దావిడ ఇనుప జల్లెడ మీద సార్డీన్ చేపలు వరసగా పేర్చి, ఉప్పు రాళ్లు పైనుంచి చల్లింది. చర్మం ఉబ్బి చిట్లగానే ఒక్కో చేపను మందపాటి రొట్టె ముక్క మీదికి తీసి మా చేతుల్లో పెట్టింది. కారిన నూనె రొట్టెలోకి ఇంకింది. డబ్బిస్తే తోసేసింది. మేనల్లుడికి కాల్చిన మిరపకాయలు, రొట్టె.

మ్యాచ్ మొదలయ్యాక టికెట్ లేనివాళ్లం రేడియో చుట్టూ చేరాం. కొక్చు గోల్‌తో బెన్‌ఫికా ముందుంది, తొంభై నిమిషాలు అయ్యాక ఆగిన ఆటకు బదులు కలిపిన సమయంలో పదకొండో నిమిషందాకా. అప్పుడు గ్యోకెరెస్ పెనాల్టీ. స్కోరు సమమై ఆడించిన ఎక్స్‌ట్రా టైమ్‌లో హార్డర్, ట్రింకావ్. 3-1తో స్పోర్టింగ్‌దే కప్పు. మా బావమరిది మొహం చూసి ఆ పెద్దావిడ భర్త, ఆకుపచ్చ కండువాతోనే, గ్లాసులో వైన్ పోసి ఇచ్చాడు.

వెళ్లేవాళ్లు ఉదయం పదకొండులోపు చేరండి, ఆ తర్వాత నీడ దొరకదు. నేల మీద పరుచుకునే దుప్పటి, టోపీ, తలా రెండు లీటర్ల నీళ్లు, చిల్లర నాణేలు. స్టేడియంలో సీటు దొరికినా టోపీ వదలొద్దు, గ్యాలరీల్లో చాలాభాగానికి పైకప్పు లేదు. తిరుగు ప్రయాణానికి కార్డులో డబ్బు పొద్దున్నే వేసుకోండి, రాత్రి క్రూజ్ కెబ్రాడాలో మెషిన్ ముందు వరస రోడ్డు దాకా ఉంటుంది.